బంద్ నాటి దర్వాజ

మా ఆయనకు కోపం రాదు. ముప్పై ఏళ్ళ కాపురంలో నా ఒళ్ళు మండించే సంగతి ఇదొక్కటే. "అమీర్ అలీ ఎంత మంచోడో" అంటారు ఊళ్ళో అందరూ. మంచోడితో కాపురం చేసి చూస్తే తెలుస్తుంది. ఆయనకు రావలసిన కోపం కూడా నాకే రావాలి. ఇద్దరి కోపం నేనొక్కదాన్నే మోయాలి. ఇంట్లో మాది ఉర్దూ. కోపం వస్తే మాత్రం నా నోటికి తెలుగే వస్తుంది. మానుకోట బజారులో పుట్టి పెరిగినదాన్ని, తగాదా పెట్టుకోవడం ఈ భాషలోనే నేర్చుకున్నాను.

రైల్వే గేటుకు పోయే దారిలో మా కార్ఖానా. పైన రేకులు, ముందు ఒక షట్టరు. చెక్క కోయడం, చెక్కడం, అతకడం ఆయన పని. పాలిష్ నాది. వచ్చినవాళ్ళతో మాట్లాడటం కూడా నాదే, ఎందుకంటే ఆయన మాట్లాడితే ఆ షట్టరు ఎప్పుడో శాశ్వతంగా దిగిపోయేది. ఎవరైనా వచ్చి "భాయ్, నా దగ్గర ఇంతే ఉన్నది" అంటే చాలు, ఆ ఇంతలోనే ఎట్లా చేయాలా అని గడ్డం గోక్కుంటూ కూర్చుంటాడు. టేకు కొనలేనివాళ్ళకు వీధి దర్వాజ ఒక్కటి టేకుతో పెట్టి, లోపలివి వేపతో చేస్తాడు. ఏది టేకో ఏది వేపో వేలు పెట్టి చూపించి మరీ చెప్తాడు. అన్నీ ఒక్క రంగుకు తెచ్చే బాధ్యత నా మీద పడుతుంది. చెయ్యి పుండ్లయ్యేదాకా ఉప్పు కాగితం రుద్దేది నేను, దువాలు, దీవెనలు అందుకునేది ఆయన.

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి, రెండువేల పదకొండు. బడులు లేవు, బస్సులు లేవు, ఆఫీసులకు తాళాలు. భూపాలపల్లి బావుల్లో బొగ్గు ఆగిపోయింది. కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. ఆ బావుల్లో పనిచేసే నా తమ్ముడు అబ్దుల్ బారీ కూడా సమ్మెలోనే ఉన్నాడు. జీతం రాక వాడి ఇంట్లో పొయ్యి మీద ఎసరు పెట్టాలంటే మేమే ఇక్కడి నుంచి బియ్యం పంపాలి. మేము మాత్రం ఎక్కడి నుంచి తేవాలి? సమ్మె మొదలయ్యాక ఇల్లు కట్టేవాడు లేడు, తలుపు అడిగేవాడు లేడు. అయినా ఎవర్నీ ఏమీ అనలేదు. మా షాపు ముందే రోడ్డు మీద వంటావార్పు పెట్టినప్పుడు మూడు వందల మందికి బగారా అన్నం వండింది నేనే. ఆ పొగకు కళ్ళు ఎర్రబడితే "జై తెలంగాణ" అని నవ్వుకున్నాను. ఇది నేనెందుకు చెప్తున్నానంటే, తర్వాత నన్ను సమ్మె ద్రోహి అన్నారు.

ఆ దినాల్లోనే వెంకట్రాం పటేల్ వచ్చాడు. ఊరి బయట నలభై ఎకరాల ఆసామి, టెంటు కాడ రోజూ మైకు పట్టే నాయకుడు. కొడుకు మహీధర్ కోసం కొత్త ఇల్లు కడుతున్నాడు. దసరా దాటిన గురువారం నాడు దర్వాజ నిలబెట్టే ముహూర్తం.

"టేకు దర్వాజ కావాలె అమీర్ భాయ్. పైన తామరపువ్వు, ఇరుపక్కల నెమళ్ళు. చూసినోడు మల్ల చూడాలె" అన్నాడు.

"ఎంతల్ల కావాలె పటేలా?" అని నేనడిగాను.

ఆయన చెప్పిన పైకం వింటే నాకు నవ్వు రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. దానికి కొత్త టేకు గడప కూడా రాదు, నెమళ్ళ సంగతి దేవుడెరుగు.

"గంతల వేపది వస్తది పటేలా, నెమలి లేకుంట" అన్నాను.

"సమ్మె కాలం చెల్లె. అందరం త్యాగం చేస్తున్నం. మీరు జర సర్దుకోవాలె."

నేను నోరు తెరిచేలోపు మా ఆయన గడ్డం గోక్కున్నాడు. అయిపోయింది. "చేద్దాం పటేల్ సాబ్" అన్నాడు. పటేల్ కొంత అడ్వాన్సు చేతిలో పెట్టి పోయాడు.

డోర్నకల్‌లో పాత ఇల్లొకటి విప్పుతున్నారని విని, రైళ్ళు లేకపోతే సైకిలేసుకుని పోయాడు. అరవై ఏళ్ళు కప్పు మోసిన టేకు దూలాలు తక్కువలో దొరికాయి. పాతదని పటేల్‌కు దాచలేదు, తెచ్చి చూపించాడు. "పాతదైతేంది, చేవ ఉన్నది గద. ఎవ్వలికి చెప్పకు" అన్నాడు పటేల్. ఆ దూలాల మేకులు పీకడానికే రెండు రోజులు పట్టింది.

ఇక్కడ మా పనిలోని ఒక సంగతి చెప్పాలి. దర్వాజకు రెండు పక్కలా నిలబెట్టే చెక్కలున్నాయే, వాటిని చెట్టు నిలబడ్డట్టే నిలబెట్టాలి. వేరు వైపు మొదలు కిందికి, కొస పైకి. తలకిందులైతే ఆ ఇంట్లో వంశం నిలవదని హిందువులు భయపడతారు. మా ఆయనకు ఆ భయం లేదు కానీ పట్టింపు అంతకంటే ఎక్కువ. "చెట్టును తలకిందులుగా నిలబెడితే చెక్కకు తెలుస్తది" అంటాడు. కొత్త దుంగకైతే మొదలేదో చూడగానే తెలుస్తుంది. నాలుగు పక్కలా చెక్కేసిన పాత దూలానికి తెలియదు. అందుకని ఒక్కో దూలాన్నీ సరిగ్గా నడుమ తాడు కట్టి వేలాడదీశాడు. మొదలు వైపు బరువుగా ఉండి కిందికి వంగుతుంది. ఒక దూలం ఎటూ వంగలేదు. దాన్ని తిప్పి తిప్పి, కణుపులు ఎటు వాలాయో వేళ్ళతో తడిమి, మళ్ళీ వేలాడదీసి, మూడు పూటలు దాంతోనే గడిపాడు. కరెంటు లేదు, మిషన్ నడవదు, చెక్కను నునుపు చేసే చేతి రందాతోనే అంతా తీయాలి, ముహూర్తం ముంచుకొస్తోంది. నేను కేకలేస్తూనే ఉన్నాను.

"ఎటుపెట్టినా ఎవ్వలికి తెలుస్తది? ఎవ్వలు చూడొచ్చిండ్రు?"

"నాకు తెలుస్తది" అన్నాడు. అంతే. కోపం కూడా లేదు.

మంగళవారం నాడు బంద్ అన్నారు. అప్పటికి దర్వాజ అంతా కూర్చాము, తామరపువ్వులో రెండు రేకులు చెక్కడం, గడపకు రందా కొట్టడం మిగిలాయి. ముహూర్తానికి దర్వాజ చట్రం నిలబడితే చాలు, తలుపులు తర్వాత. సోమవారం సాయంత్రం నేనే పటేల్‌కు ఫోన్ చేశాను.

"రేపు బంద్ కదా పటేలా, పని బందు పెట్టాల్నా?"

"బంద్ అందరికి. గురువారం ముహూర్తం తప్పితే మల్ల మూడు నెల్లదాక లేదు. షట్టర్ దించుకోని లోపట చెయ్యుండ్రి. ఎవ్వలన్న వస్తే నా పేరు చెప్పు" అన్నాడు.

నా పేరు చెప్పు అన్నాడు. ఈ రెండు చెవులతో విన్నాను.

మంగళవారం పదకొండు గంటలకు ఉలి చప్పుడు బయటికి వినబడింది. రోడ్డు మీద మోటారు సైకిళ్ళు ఆగాయి. షట్టరు దడదడమని పైకి లేచింది. ముందు ఉపేందర్ ఉన్నాడు, మా వెనక బజారు పిల్లవాడే, డిగ్రీ చదువుతున్నాడు. వెనకాల పదిహేను మంది దాకా ఉన్నారు.

"ఊరంత బంద్ ఉంటే మీరు పైసలు సంపాయిస్తున్నరా? సిగ్గుండాలె!" అని ఒకడు అరిచాడు. ఇంకొకడి చేతిలో జెండా కర్ర ఉంది. మనిషిని కొట్టడానికి వాడికి చెయ్యి రాలేదు కాబోలు, దర్వాజ మీదికి ఎత్తాడు. సరిగ్గా తామరపువ్వు మీదికి.

మా ఆయన పువ్వు మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. విరిగింది కర్రే అనుకున్నాను. ఆయన మణికట్టు పట్టుకుని కింద కూర్చున్నాక తెలిసింది. అప్పుడు నా గొంతులోంచి వచ్చిన కేక గేటు దాకా వినబడి ఉంటుంది.

"ఎవ్వలిదనుకుంటున్నర్రా గీ దర్వాజ? మీ వెంకట్రాం పటేల్‌ది! ఆయన చెయ్యుమంటేనే చేస్తున్నం! పోయి అడుగుండ్రి!"

అడగడానికి పోనక్కరలేదు. టెంటు మా షాపుకు వంద అడుగుల దూరం. గొడవ విని ఆయనే వచ్చాడు. తెల్ల చొక్కా, మెడలో గులాబీ కండువా, వెనక ఇంకో యాభై మంది. లోపలికి తొంగి చూశాడు. నెమళ్ళను చూశాడు, తామరపువ్వును చూశాడు, కింద కూర్చున్న మా ఆయనను చూశాడు. నా మొహం మాత్రం చూడలేదు.

"నాదా? బంద్ పిలుపిచ్చినోన్ని నేను. బంద్ నాడు పని చేపిస్తనా?" అన్నాడు జనం వైపు తిరిగి. "గీ దర్వాజ నాది కాదు. అమీర్ భాయ్, నువ్వు పెద్దమనిషివి. గిట్ల చేస్తే తెలంగాణ ఎట్లొస్తది?"

జనం చప్పట్లు కొట్టారు. బొగ్గు బావిలో జీతం వదులుకున్న నా తమ్ముడు గంజి తాగుతున్నాడు, వాడికి ఇంకో బస్తా బియ్యం పంపుదామని మేము ఈ దర్వాజ చెక్కుతున్నాము, నలభై ఎకరాల ఆసామి మాకు త్యాగం నేర్పుతున్నాడు, జనం చప్పట్లు కొడుతున్నారు. నాకు ఆ ఉలి తీసుకుని విసరాలనిపించింది. అబద్ధమెందుకు, చేతిలోకి తీసుకున్నాను కూడా. మా ఆయన ఎడమ చేత్తో నా కొంగు పట్టుకుని ఆపాడు. మీరే కదా చెయ్యమన్నారు అని ఒక్క మాట అంటే ఆయన నోటి ముత్యాలు రాలిపోయేవా?

దవాఖానకు తీసుకుపోయింది ఉపేందరే, తన బండి మీద. దారిలో నెమ్మదిగా అడిగాడట, "చాచా, నిజంగ పటేల్‌దేనా?" అని. "ఇప్పుడెందుకు బేటా" అన్నాడట ఈ మహానుభావుడు. మణికట్టు ఎముక విరిగిందన్నారు. పిండికట్టు వేసి ఆరు వారాలు కదపొద్దన్నారు. కుడిచెయ్యి. ఉలి పట్టే చెయ్యి.

బుధవారం పొద్దున నేను లేచేసరికి ఆయన కార్ఖానాలో ఉన్నాడు. ఎడమ చేత్తో తామరపువ్వుకు ఉప్పు కాగితం రుద్దుతున్నాడు. నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది.

"ఎవని కోసం ఇంక? నాది కాదన్నడు గద!"

"చేసింది నేను" అన్నాడు. "పువ్వు సగంల ఉన్నది, మంచిగ లేదు."

తిట్టుకుంటూనే నేను గడపకు రందా పట్టాను. మధ్యాహ్నానికి పని అయింది. సాయంత్రం పటేల్ కారు వచ్చి ఆగింది. ఈసారి జనం లేరు, భార్య ప్రమీల ఉంది. చేతిలో పండ్ల సంచి. ప్రమీల మా ఆయన చెయ్యి చూసి "అయ్యో, ఎంత పనైపాయె" అంది. పటేల్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"జనం ముంగట అట్లనే అనాలె అమీర్ భాయ్. నువ్వేమనుకోకు. దవాఖాన ఖర్చు నాది. ఆ పైన ఇంకో అయిదు వేలు వేస్త. రేపు ఆరు గంటలకు దర్వాజ నిలబెట్టాలె."

"ఖర్చు ఒద్దు, అయిదు వేలు ఒద్దు" అన్నాను నేను. "జనం ముంగట నాది కాదన్నవ్. గా జనం ముంగటనే నాదే అను. మైకు పట్టుకోని ఒక్కసారి అను. గంతే."

"అదెట్లయితది చెల్లె? ఉద్యమం ఇజ్జత్ పోతది."

"ఉద్యమం ఇజ్జతా, నీ ఇజ్జతా? రోడ్డు మీద మూడు వందల మందికి నేను వండిపెట్టిన. నా తమ్ముడు నెల దినాల సంది జీతం లేకుంట కూసున్నడు. గది ఉద్యమం. నీ కండువ కాదు."

పటేల్ మొహం నల్లబడింది. ప్రమీల అరటిపండ్లు సర్దుతూ కూర్చుంది. అప్పుడు మా ఆయన "ఆగు" అన్నాడు. నన్నే. "రేపు వస్త పటేల్ సాబ్" అన్నాడు. "నలుగురు మనుషులను పంపుండ్రి. నేను దగ్గరుండి నిలబెట్టిస్త. మాట ఇచ్చిన గద."

ఈ మనిషి ఎవరేం చేసినా పడుండే రకం అని తేలిపోయింది. గోడ వైపు తిరిగి నిలబడ్డాను. కోపం దిగమింగుకోవడానికి, అంతకంటే ముందు బియ్యం వస్తాయి కదా అన్న ఆలోచన వచ్చినందుకు నా మీద నాకే పుట్టిన అసహ్యం దిగమింగుకోవడానికి.

పటేల్ లేచిన చప్పుడుకు ఇటు తిరిగాను. దిమ్మెల మీద పడుకోబెట్టిన దర్వాజ చుట్టూ ఒకసారి తిరిగాడు. నిలువు చెక్క మీద చెయ్యి వేసి, ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. గుమ్మం దాకా పోయినవాడు మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"అమీర్ భాయ్, ఒక్క మాట. మొదలు కిందికే పెట్టినవ్ గద?"

మా ఆయన అర్థం కానట్టు చూశాడు.

"ఏం లేదు. పాత దూలాలాయె, ఎటుదెటో తెల్వది. మీదికెల్లి నిన్న గట్లయ్యె. కోపంల ఏమన్న..." అని నవ్వాడు.

"పిల్లలు కాపురం చేసే ఇల్లు భాయ్" అంది ప్రమీల. "మా మనసు నిమ్మలమయితది. మీ ఖురాన్ మీద ఒట్టేసి చెప్పు, తలకిందులు పెట్టలేదని."

మొదట మా ఆయన మెడ, తర్వాత చెవులు, తర్వాత మొహమంతా ఎర్రబడింది. నేను ముప్పై ఏళ్ళలో చూడని మొహం అది.

"పటేల్ సాబ్" అన్నాడు. "నిన్న నాది కాదన్నరు. అది మీ నోరు, మీ ఇష్టం. గిది నా చెయ్యి."

నా వైపు తిరిగాడు.

"రంపం తే."

ఎందుకని నేను అడగలేదు. తెచ్చి ఇచ్చాను. ఎడమ చేత్తో తీసుకుని, గడపకు కాస్త పైన, నిలువు చెక్క మీద పెట్టాడు. అప్పుడు అర్థమైంది నాకు. ఇన్నేళ్ళు రమ్మని పిలిచిన కోపం వచ్చి ఎదురుగా నిలబడితే నేను లెక్కలు కట్టాను. నెల రోజుల తిండి అది. బారీ పిల్లల బియ్యం. రెండు నెమళ్ళు, ఒక పువ్వు, ఒక మణికట్టు.

"ఏయ్, పిచ్చి లేసిందా? నేను పైసలిచ్చిన దర్వాజ అది!" అని పటేల్ అరిచాడు. బయట బజారులో మనుషులు ఆగి చూస్తున్నారు.

"నీది కాదన్నవ్ గద పటేలా" అన్నాను నేను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "నీది కాని చెక్కను కోస్తే నీకెందుకు నొప్పి? మీరిచ్చిన అడ్వాన్సు నా చెవుల కమ్మలు అమ్మన్న ఇస్త. పోండ్రి."

"చోటీ" అని నన్ను పిలిచాడు మా ఆయన. రంపం ఎత్తి పక్కన పెట్టాడు. ఒక్క క్షణం, మనసు మార్చుకున్నాడని ఆశపడ్డాను. ఆ ఆశకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

"మూలమట్టం పెట్టి గీత గియ్యి" అన్నాడు. "ఎడమ చెయ్యి, వంకర పోతది."

మూలమట్టం పెట్టి, పెన్సిలుతో రెండు నిలువుల మీద అడ్డంగా గీత గీశాను. చెక్క కదలకుండా మోకాలితో అదిమి, రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. ఆయన గీత మీద రంపం పెట్టి లాగాడు. పటేల్ కారు ఎప్పుడు వెళ్ళిపోయిందో మేము చూడలేదు.